భద్రాన్ని అడిగిన ప్రశ్నలు

దయ్యాలను నమ్మకపోవడం నాకు తీరిక వేళ అభిప్రాయం కాదు, ముప్పయ్యేళ్లుగా చేస్తున్న పని. భద్రాచలం చుట్టుపక్కల సంతల్లో మండుతున్న కర్పూరం నాలుక మీద పెట్టుకుని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. నిప్పుల గుండంలో ముందు నేను నడిచి, వెనక విద్యార్థులను నడిపించి, కాలని పాదాలకూ పూనకానికీ సంబంధం లేదని చూపించినవాణ్ణి. పాల్వంచలో దయ్యముందని ఎవరూ చేరని ఇంట్లో భార్యాపిల్లలతో కిరాయికి దిగినవాణ్ణి. ఆ ఇంట్లో మమ్మల్ని పీడించింది ఓనరొక్కడే.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది భక్తితో చెబుతున్నది కాదు. వేదికల మీద నాతో వాదించి చేతులెత్తేసిన పెద్దలు ఇది చదివి సంబరపడతారని తెలుసు. పడనివ్వండి. నా సిద్ధాంతానికి లొంగని వాస్తవాన్ని నేనే దాచిపెడితే విబూది అమ్ముకునేవాడికీ నాకూ తేడా ఏముంది?

కుర్సం భద్రం నా విద్యార్థి. చర్ల దాటి, వాగు అవతల, ఛత్తీస్‌గఢ్ కొండలు కనిపించేంత దగ్గరలో ఉన్న కోయగూడెం వాడిది. ఆ ఊరి పేరు రాయను. నేను భద్రాచలంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. వాడు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. చేరిన కొత్తలోనే ఒకరోజు క్లాసు అయ్యాక వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. దాని వెనక ఒక ఆచారం ఉంది. ముందు అది చెప్పాలి.

ఆ చుట్టుపక్కల కొన్ని గూడేల్లో వయసు మీరినవాళ్లు పోతే దాన్ని చావుగానే చూస్తారు. పడుచు ప్రాణం పోతే మాత్రం ఎవరో చేసిన పనంటారు. ఎవరు చేశారో పోయినవాళ్లే చెప్పాలి. పాడె మోసుకెళ్తూ దారి చీలే చోట ఆగుతారు. ఊరి పెద్ద ఎదురుగా నిలబడి ప్రశ్న వేస్తాడు. పాడె ముందుకు తోస్తే అవునని, వెనక్కి తగ్గితే కాదని. ఒక్కోసారి పాడె మోసేవాళ్లను ఈడ్చుకుంటూ ఎవరి గడప ముందుకో పోయి నిలబడుతుంది.

ఆ గడప ఎప్పుడూ దిక్కులేని ఆడదానిదే కావడం గమనించండి. పక్క గూడెంలో అలా ఒకామె గడప దగ్గర పాడె ఆగింది. తర్వాత వాగు ఒడ్డున ఆమెను ఏం చేశారో పోలీసులతో కలిసి వెళ్లి నేను చూశాను. ఈ ఆచారం మీద నా కోపం పుస్తకాల్లో చదువుకుని తెచ్చుకున్నది కాదు.

భద్రం చెల్లెలు చిన్నప్పుడే జ్వరంతో పోయింది. పాడె వాడి పెదనాన్న భార్య ముత్తమ్మ ఇంటికి పోయింది. ముత్తమ్మ అప్పటికే భర్తను పోగొట్టుకుంది, పిల్లలు లేరు. ఆమె ప్రాణం తియ్యలేదు గానీ ఊరు ఆమెను వదిలేసింది. అప్పటినుంచి గూడెం చివర మిట్ట మీద ఒంటరి గుడిసెలో ఉంటోంది. ఆమె చేతి తిండి, నీళ్లు ఎవరూ ముట్టరు.

"సారు, ఆ పాడె మోసినోళ్లల్ల మా నాయన గూడ ఉన్నడు. మా నాయన అబద్ధమాడడు. నేను తొయ్యలె, అదే పోయింది అంటడు. మరి ఎట్ల పోయింది?" అని అడిగాడు భద్రం.

నేను దారానికి ఉంగరం కట్టి వాడి చేతికిచ్చాను. చెయ్యి కదపకుండా పట్టుకుని, ఉంగరం అడ్డంగా ఊగుతున్నట్టు మనసులో అనుకొమ్మన్నాను. కాసేపటికి అడ్డంగా ఊగింది. గుండ్రంగా అనుకొమ్మన్నాను. గుండ్రంగా తిరిగింది. మనసులోని ఊహకు కండరాలు మనకు తెలియకుండానే లోబడతాయని, పాడె కింద ఉన్న నలుగురి మనసులో ఒకే అనుమానం ఉంటే నలుగురి కాళ్లూ అటే నడుస్తాయని చెప్పాను.

"అంటే మా నాయన కాళ్లకు ముందే తెలుసా, ముత్తమ్మ ఇంటికి పోవాలని?"

"కాళ్లకు తెలుసు. ఆయనకు తెలియదు."

వాడు ఉంగరం తీసి నా చేతిలో పెట్టాడు. "కాళ్లు శానా చెడ్డయి సారు" అన్నాడు.

డిగ్రీ అయ్యాక పరీక్ష రాసి సైన్యంలో ఆఫీసరుగా చేరాడు. మద్రాసులో శిక్షణ పూర్తిచేసి పదాతి దళంలో లెఫ్టినెంటు అయ్యాడు. ఆ గూడేల నుంచి యూనిఫాం వేసుకున్నవాడు మాకు తెలిసి వాడే మొదటివాడు. ఇటు పోలీసు క్యాంపులు, అటు అడవిలో అన్నలు ఉన్న చోట కొడుకు తుపాకీ పట్టాడంటే తల్లిదండ్రులకు గర్వం ఎంతో గుబులూ అంతే.

సరిహద్దులో రెండు దేశాల సైన్యాలూ ఎదురెదురుగా మోహరించి, రేపో మాపో యుద్ధమని అందరూ అనుకుంటున్న రోజులవి. 2002. ఆ చలికాలం చివర్లో వాడికి కొద్ది రోజులు సెలవు దొరికింది. తిరిగి వెళ్లేటప్పుడు భద్రాచలంలో మా ఇంటికి వచ్చి భోంచేశాడు. నల్లబడ్డాడు, గొంతు గట్టిపడింది, మాట మాత్రం మారలేదు.

"మా బంకరుకు ఒక హవల్దారు నిమ్మకాయ కట్టిండు సారు. తియ్యమన్న."

"తీశాడా?"

"తీసిండు. తెల్లారి ఇంకోటి కట్టిండు. ఎడారిల నిమ్మకాయ ఎక్కడ దొరుకుతదో నాకు ఇప్పటికి సమజ్ కాలె. తీసినకొద్ది నిమ్మకాయలు దండగని ఊకున్న."

నవ్వుతూనే అసలు సంగతి చెప్పాడు. ముందురోజు ఊరంతా చూస్తుండగా ముత్తమ్మ గుడిసెకు వెళ్లి, గడప మీద కూర్చుని, ఆమె పెట్టిన జావ తాగి వచ్చాడట.

"మీ నాయన ఏమన్నాడు?" అని అడిగాను.

"చెయ్యి కడుక్కోని ఇంట్లకు రా అన్నడు. కడుక్కున్న. ఆమె నీళ్లతోనే."

ఎండలు ముదిరాక కబురొచ్చింది. సరిహద్దులో విధి నిర్వహణలో పేలుడులో లెఫ్టినెంట్ కుర్సం భద్రం చనిపోయాడు. సైన్యం పంపిన సందేశంలో అంతే ఉంది. శత్రువుల ఫిరంగి గుండుకు బలయ్యాడని పేపర్లు రాశాయి. నేనూ అదే అనుకున్నాను. అందరం అదే అనుకున్నాం.

శవం రావడానికి ముందురోజు నేను గూడేనికి వెళ్లాను. బీడీలకు వాడే తునికాకు కోసే రోజులు. కల్లంలో ఆకు కట్టలు ఎండుతున్నాయి. వాటిని తిప్పే మనిషి లేడు. అంతా భద్రం ఇంటి ముందే కూర్చున్నారు. తల్లి సమ్మక్క ఏడవడం కూడా మానేసి గోడకు చేరగిలబడి ఉంది. తండ్రి లచ్చయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

మాట్లాడింది జోగయ్య. ఆయన ఆ గూడెం పటేలు, పెద్దమనిషి. "ఆమె ఇంట్ల తిన్నడు సారు. పోయిండు. ఇగ నేను చెప్పేదేంది?" అన్నాడు. ఆయన గొంతులో పగ లేదు. అదే నన్ను భయపెట్టింది.

ముత్తమ్మ గుడిసెకు వెళ్లాను. తలుపు చేరవేసి లోపల కూర్చుంది. భద్రాచలం వచ్చేయమన్నాను, మా ఇంట్లో ఉండమన్నాను.

"పోతే నేనే చేసిన్నంటరు. ఉంటే పాడె చెప్తదంటరు. పోరడు వస్తుండు గద. చూసినంకనే ఏదైనా" అంది.

పోలీసులకు చెప్పొచ్చు. కానీ వాళ్లు ఆ వాగు దాటి వచ్చి ఆమె గుడిసె దగ్గర ఎన్నాళ్లు కాపలా ఉంటారు? రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. పాడె కదిలేది మోసేవాళ్ల మనసును బట్టి. ముత్తమ్మ ఎవరో తెలియని వాళ్లు మోస్తే పాడెకు చెప్పడానికి ఏమీ ఉండదు. శవపేటికను చివరిదాకా జవాన్లే మోయాలి.

మర్నాడు పొద్దున్నే ఆ మాట జోగయ్యతో అన్నాను. సైనిక మర్యాద ప్రకారం జవాన్లే మోస్తారని, ఊరివాళ్లు చెయ్యి వెయ్యకూడదని. గొడవ చేస్తాడనుకున్నాను. ఆయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, "ఎవరు మోస్తే ఏంది సారు, నడిపించేది వాడు గద" అన్నాడు.

సైన్యం లారీ చర్ల దాకా వచ్చింది. ఊరివాళ్లతో పాటు నేనూ ఎదురెళ్లాను. స్కూలు మైదానంలో తుపాకులు గాల్లోకి పేల్చి వందనం చేశారు. అక్కడి నుంచి చిక్కు. మట్టిరోడ్డు కింద మందుపాతరలుంటాయని పోలీసులు బండి పోనివ్వలేదు. శవాన్ని మోసుకెళ్తే ఎవరూ ఏమీ అనరని, తుపాకులు మాత్రం వద్దని అడవి నుంచి మాట వచ్చిందట. ఎవరు తెచ్చారో ఎవరూ చెప్పలేదు. జవాన్లు ఆయుధాలు పోలీసు క్యాంపులో అప్పగించి, పెట్టెకు రెండు పచ్చి వెదుళ్లు తాళ్లతో కట్టి, ఎనిమిది మంది భుజానికెత్తుకున్నారు.

వాళ్లెవరో ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. ఆ ఎనిమిది మందీ భద్రం దళం వాళ్లు కారు. హైదరాబాదు నుంచి ఈ పని మీద పంపిన కుర్రాళ్లు. ఒక తమిళుడు తప్ప అంతా ఉత్తరాది వాళ్లు. భద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ఒక్కడికీ తెలుగు రాదు. ఇక కోయ భాష ఒకటుందనే తెలియదు. భద్రంతో పనిచేసినవాడు ఒకే ఒక్కడు, సరిహద్దు నుంచి పెట్టె వెంట వచ్చిన సుబేదారు. నడివయసు మనిషి. ఆయన పెట్టె మొయ్యలేదు. టోపీ చంకన పెట్టుకుని వెనక నడిచాడు.

వాగు ఎండిపోయి ఉంది. ఇసుకలో అడుగు దిగబడుతోంది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన నిప్పులు. అవతలి ఒడ్డు ఎక్కుతుండగా ఎడమవైపు చివర ఉన్న కుర్రాడు మోకాళ్ల మీద కూలిపోయాడు. వడదెబ్బ. వాణ్ణి చెట్టు నీడకు చేర్చారు. ఊరివాళ్లలో ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు. వాళ్లను రానివ్వకూడదు. నేనే వెళ్లి ఆ వెదురు కింద భుజం పెట్టాను.

అంటే ఆ తర్వాత జరిగింది నేను చూసింది కాదు. మోసింది.

వాగు దాటిన కాసేపటికి దారి చీలుతుంది. కుడివైపు పల్లంలోకి పోతే ఖననం చేసే చోటు. నిన్ననే గుంట తవ్వి ఉంచారు. ఎడమవైపు మిట్ట ఎక్కితే ముత్తమ్మ గుడిసె. జోగయ్య అక్కడ చెయ్యెత్తాడు. ఆగమంటున్నాడనుకుని జవాన్లు ఆగారు. ఆయన ఇంకా నోరు విప్పలేదు. పెట్టె ఎడమకు తిరిగింది.

నా ముందున్న తమిళ కుర్రాడు ఏదో గొణిగాడు. వెనకనుంచి సుబేదారు "దాయే, దాయే" అంటున్నాడు, కుడికి అని. జనం కుడివైపు దారి వదిలి నిలబడ్డారు. కుడివైపు పల్లం, బరువుతో ఉన్నవాడి కాలు అటే పోవాలి. మేం ఎడమకు మిట్ట ఎక్కుతున్నాం. గోదావరిలో తొడల్లోతు నీళ్లలో నిలబడితే ప్రవాహం ఎలా తోస్తుందో అలా ఉంది. మొరటుగా లాగడం కాదు. ఆగకుండా, ఒకే తీరున తోయడం. నేను మడమలు నేలకు తన్నిపెట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, బలమంతా పెట్టాను. ఆ గుడిసెకు పోకూడదని ఆ ఊళ్లో అందరికంటే గట్టిగా కోరుకున్నవాణ్ణి నేను. నా చెప్పు తెగి దారిలో ఉండిపోయింది.

గుడిసె ముందు పెట్టె ఆగింది. తలుపు తెరిచి ముత్తమ్మ బయటికొచ్చింది. పారిపోలేదు. పెట్టె మీద కప్పిన జెండా వంక చూస్తూ నిలబడింది. వెనక జనంలో ఒక రొద లేచింది. పక్క గూడెంలో ఆ ఒకామె గడప ముందు లేచిన రొద ఇలాంటిదే అయి ఉంటుంది. ఎవరో యువకుడు ఎండు కట్టె విరిచిన చప్పుడు వినిపించింది.

జోగయ్య పెట్టె ముందుకు వచ్చాడు. కోయలో అడిగాడు. ఆ భాష నాకు కొంత వచ్చు. "కొడకా, ఈమె నిన్ను తిన్నదా?" అని.

పెట్టె వెనక్కి పోయింది. తడబాటు కాదు. ఎనిమిది మందిమీ ఒకేసారి వెనక్కి అడుగు వేశాం.

రొద ఆగింది. జోగయ్య మళ్లీ అడిగాడు. "ఈ ఊళ్లో ఇంకెవరన్నా చేసిండ్రా?" వెనక్కి.

ఇక్కడిదాకా నా దగ్గర వివరణ ఉంది. ఆమె బతకాలని నా కోరిక. నాకు కోయ అర్థమవుతుంది. నా కాళ్లు నాకు తెలియకుండా వెనక్కి వేసి ఉంటాయి, పెట్టె కింద ఉన్న మిగతావాళ్లు నన్ను అనుసరించి ఉంటారు. సరే.

జోగయ్య మూడో ప్రశ్న వేశాడు. "మరి అవతలి దేశపోళ్లా?"

అవునని నేను నమ్ముతున్నాను. ఊరంతా నమ్ముతోంది. పేపర్లు రాశాయి. ముందుకు అడుగు వేయబోయాను కూడా. వెదురు నా భుజాన్ని రాసుకుంటూ వెనక్కి జరిగింది. నేను దాని వెంట పోవాల్సి వచ్చింది.

జోగయ్య ముఖం మారింది. ఆయన కూడా ఆ జవాబు ఊహించలేదు. పెట్టె దగ్గరికి ఇంకో అడుగు వేశాడు. పెట్టె బరువుకు మా భుజాలు కుంగుతున్నాయి. తర్వాత చిన్నగా అడిగాడు. "నీతోటి ఉన్నోళ్లా బిడ్డా?"

పెట్టె ముందుకు పోయింది. జోగయ్య తప్పుకోకపోతే ఆయనకు తగిలేది.

"కావాలని చేసిండ్రా?"

వెనక్కి. ఈసారి మెల్లగా. తర్వాత ఇక కదల్లేదు. మామూలు బరువైంది. జవాన్లు దించేశారు. ఒకడు భుజం పట్టుకుని కూర్చుండిపోయాడు.

లచ్చయ్య నా దగ్గరికొచ్చాడు. అంతవరకూ ఆయన గొంతు వినలేదు. "సారు, మా పిలగాడు మాకు చెప్పిండు. నిజమో కాదో ఆ పెద్ద సిపాయిని అడుగు. మాకు వాని మాట రాదు" అన్నాడు.

ఆ క్షణం నా పరిస్థితి ఆలోచించండి. అది శత్రువు గుండే అని సుబేదారు అంటే పెట్టె చెప్పింది అబద్ధమని తేలుతుంది. హేతువాదిగా నాకు అంతకన్నా ఏం కావాలి? కానీ పెట్టె ఒక్క మాట అబద్ధమైతే ముత్తమ్మ గురించి చెప్పిన మాటా అబద్ధమే. కట్టె పట్టుకున్న యువకుడు ఇంకా అక్కడే ఉన్నాడు. నా సిద్ధాంతం గెలిస్తే ఆమె పోతుంది.

సుబేదారుకు హిందీలో చెప్పాను. వీళ్ల ఆచారం ఇది, ఇలా అడిగారు, పెట్టె ఇలా జవాబిచ్చింది, నిజమేమిటో తండ్రి అడుగుతున్నాడని. ఆయన మొదట నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. చివరి రెండు ప్రశ్నలు చెప్పాక నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ సంగతి మీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు."

"ఎవరో చెప్పారు. ఇక్కడ నేనొక్కణ్ణే ఎరుగుదును. నేను చెప్పలేదు."

తర్వాత ఆగి ఆగి చెప్పాడు. చలికాలంలో సరిహద్దు వెంట ఇసుకలో మందుపాతరలు పాతారు. భద్రం దళమే పాతింది, భద్రం కూడా ఉన్నాడు. ఎండాకాలం గాలులకు ఇసుక దిబ్బలు జరిగాయి, వాటితో పాటు కింద ఉన్నవీ జరిగాయి. గస్తీ తిరిగే కుర్రాడొకడి కాలు పోయింది. వాడి కేకలు విని మిగతావాళ్లను ఆగమని భద్రం ఒక్కడే లోపలికి వెళ్లాడు. వాణ్ణి వీపున వేసుకుని దాదాపు బయటికి వచ్చేశాడు. ఆఖరి అడుగు కింద ఇంకొకటి ఉంది.

"ఆ కుర్రాడు బతికాడు. సాబ్ పోయాడు. అవి మా చేతులతో పాతినవే. తల్లి ముందు ఆ మాట నా నోట రాలేదు. పేపర్లలో వచ్చిందే ఉండనిద్దామనుకున్నాను" అన్నాడు సుబేదారు.

నేను జనం వైపు తిరిగి ఉన్నదున్నట్టు చెప్పాను. తెలుగులో ఒకసారి, నాకు వచ్చినంత కోయలో ఒకసారి. కట్టె నేల మీద పడిన చప్పుడు విన్నాను. లచ్చయ్య సుబేదారు ముందుకు వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

జనంలో కూలబడి ఉన్న సమ్మక్క లేచింది. ముత్తమ్మ దగ్గరికి నడిచింది. "అక్కా, నీళ్లియ్యి. పొద్దుగాల్నుంచి గొంతెండింది" అంది. ముత్తమ్మ లోపలికి వెళ్లి చెంబు తెచ్చేసరికి సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి. మిగిలిన సగం సమ్మక్క తాగింది. ఆ తర్వాతే ఇద్దరూ కలిసి ఏడ్చారు.

భద్రాన్ని సాయంత్రానికి పూడ్చిపెట్టాం. కుడివైపు దారిలో, ఏ ఆటంకమూ లేకుండా.

తిరిగి వచ్చేటప్పుడు ఆ జవాన్లను ఒక్కొక్కణ్ణే పక్కకు పిలిచి అడిగాను. నువ్వు తోశావా? లేదు. ఎవరు తోశారు? ముందున్నవాళ్లు వెనకవాళ్లని, వెనకవాళ్లు ముందున్నవాళ్లని చెప్పారు. పెద్దాయన ఏమడుగుతున్నాడో తెలుసా? తెలియదు, మంత్రాలనుకున్నాం. వెనక్కి పోతే కాదని అర్థమని ఎవరైనా చెప్పారా? దేనికి కాదని? అని వాళ్లే నన్ను ఎదురు అడిగారు.

సుబేదారు సైగలేమైనా చేశాడేమో ఆలోచించాను. ఆయన మా వెనక ఉన్నాడు. కోయ రాదు. ఏ ప్రశ్న పడిందో, ఏ కదలిక ఏ జవాబో తెలియని మనిషి సైగ చేసేదేముంది? పైగా ఆ నిజం దాచాలనే వచ్చాడు. జోగయ్య కళ్లతో నడిపించాడేమో అనుకున్నాను. మూడో జవాబుకు ఆయన ముఖం నేను చూశాను. అది నటన కాదు.

ఆ మరుసటి వేసవి అదే దారిలో ప్రయోగం చేశాను. అంతే బరువు వచ్చేలా పెట్టెలో ఇసుక నింపి, వెదుళ్లు కట్టి, ఎనిమిది మంది విద్యార్థుల చేత మోయించి, జవాబు వాళ్లకు తెలిసిన ప్రశ్నలూ తెలియనివీ అడిగాను. తెలిసిన ప్రశ్నకు పెట్టె వాళ్లు అనుకున్న వైపే కదిలింది. తెలియని ప్రశ్నకు వాళ్లు ఊహించుకున్న వైపు కదిలింది. ఆ ఊహ తప్పయితే పెట్టె జవాబూ తప్పే. నా సిద్ధాంతం అక్షరం పొల్లుపోకుండా రుజువైంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇన్నేళ్లు ఇది రాయలేదు. రాస్తే ఎవరో ఒకరు నా వివరణల్లో ఏదో ఒకటి పట్టుకుని, పాడె చెప్పింది చెల్లదని ముత్తమ్మ మీదికి మళ్లీ వస్తారని భయం. పోయిన వానాకాలం ఆమె ముసలితనంతో పోయింది. పాడెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పటికీ ఎక్కడైనా పాడెను అడగబోతున్నారని తెలిస్తే అడ్డం పోతాను. "నువ్వు మోసినవ్ గద సారు, నీకెరుక లేదా?" అంటారు. ముత్తమ్మను ఊరికి దూరం చేసింది కూడా ఒక పాడే అని గుర్తు చేస్తాను. ఒక్కసారి నిజం చెప్పినంత మాత్రాన దాని చేతికి మనిషి ప్రాణం ఇవ్వకూడదని వాదిస్తాను. ఆ వాదన సరైనదే. దాన్ని చివరిదాకా వదలను.

కానీ వాదన అయ్యాక ఇంటికి వచ్చి కూర్చుంటే లెక్క తేలదు. వెదుళ్ల కింద ఉన్న మా ఎనిమిది మందిలో ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడూ లేడు. తెలిసినవాడు మా భుజాల మీద, పెట్టెలో ఉన్నాడు. ఈ వాక్యం రాయడం నాకిష్టం లేదు. దీనికి బదులు రాయడానికి ఇంకో వాక్యం ఇప్పటికీ దొరకలేదు.